మంచు కొండలకు తక్కువ ధరలో పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మంచు కురిసే కొండ దారికి పాత పికప్ కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీ బండి మంచిదని. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన బండికి అది మూడో ప్రశ్న. మొదటిది, కింద ఫ్రేము ఎలా ఉంది? రెండోది, ముందు చక్రాలకు శక్తి నిజంగా అందుతోందా? ఒకే ఏడాది తయారైన ఒకే మోడల్ బండ్లు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. పొడి ప్రాంతంలో తిరిగినది ఇంకో పదేళ్లు నిశ్చింతగా నడుస్తుంది. ఉప్పు చల్లిన రోడ్ల మీద పదిహేను శీతాకాలాలు నానినదాన్ని జాకీ మీద ఎత్తితే ఫ్రేము పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతుంది. ఇంజను మార్చుకోవచ్చు, గేర్‌బాక్సు మార్చుకోవచ్చు. పుచ్చిపోయిన ఫ్రేముతో చేయగలిగింది చాలా తక్కువ.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. చేతిలో ఉన్న డబ్బంతా బండి మీద పెట్టేయకండి. కనీసం నాలుగో వంతు పక్కన ఉంచండి. నాలుగు మంచు టైర్లు, ఒక బ్యాటరీ, అన్ని ఆయిళ్ల మార్పు, ఒకటో రెండో బ్రేకు గొట్టాలు, ముందు చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లు: పాత పికప్ ఏదైనా మొదటి నెలలోనే వీటిలో చాలావాటిని అడుగుతుంది. అరిగిన టైర్లతో ఉన్న ఖరీదైన టయోటా కంటే కొత్త మంచు టైర్లు వేసిన మామూలు ఫోర్డ్ రేంజర్ కొండ మీద భద్రంగా ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఎక్కిస్తుంది. ఆపే పని మాత్రం టైర్లదే. మంచులో జారి లోయ వైపు పోయే బండ్లు ఎక్కలేక కాదు, ఆగలేక పోతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో రకాలు

చవకగా దొరికే పాత పికప్‌లలో ఎక్కువ భాగం పార్ట్ టైమ్ రకం. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. మీరు లివర్ వేసినా బటన్ నొక్కినా ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ ఒకటిగా బిగించేస్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మధ్యలో డిఫరెన్షియల్, అంటే రెండు వైపులనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, లేదు కాబట్టి ఆ తేడా పోవడానికి దారి ఉండదు. మంచు మీదైతే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. షాఫ్టులు మెలిపడతాయి, బండి గుంజుతుంది, చివరికి చెయినో గేరో దెబ్బతింటుంది. అందుకే ఇది మంచు గట్టిగా పరుచుకుని రోజుల తరబడి ఉండే దారులకు చక్కగా సరిపోతుంది. కిలోమీటరు పొడి రోడ్డు, నీడ పడిన మలుపులో అద్దంలాంటి ఐసు, మళ్లీ పొడి రోడ్డు ఉండే చోట మాత్రం లివర్ వేయడం, తీయడంతోనే పొద్దు గడిచిపోతుంది.

అలాంటి దారికి చక్రం జారినప్పుడు తనంతట తానే ముందు చక్రాలను కలిపే ఆటో మోడ్ గాని, మధ్య డిఫరెన్షియల్ గాని ఉన్న బండ్లు మేలు. షెవ్రొలె సిల్వరాడోలోని ఆటోట్రాక్, మిత్సుబిషి ఎల్200 పై వేరియంట్లలో వచ్చిన సూపర్ సెలెక్ట్ ఆ కోవకు చెందినవి. సూపర్ సెలెక్ట్‌కు మధ్య డిఫరెన్షియల్ ఉంది కాబట్టి పొడి రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలతో వెళ్లవచ్చు. మంచుకు ఇంతకంటే సౌకర్యం ఉండదు. కాకపోతే ఎల్200 అన్నిటికీ ఇది ఉండదు, ఈజీ సెలెక్ట్ అని రాసి ఉంటే అది మామూలు పార్ట్ టైమే. కొనేముందు లివర్ మీద గుర్తులు చూసి తేల్చుకోండి.

ఫోర్ వీల్ డ్రైవ్ ఎలా పడుతుందన్నది కూడా ముఖ్యమే. నేల మీది లివర్‌తో పడేది అన్నిటికంటే నమ్మకమైనది, చెడడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. డాష్‌బోర్డు బటన్‌తో పడేవాటికి ట్రాన్స్‌ఫర్ కేస్ మీద చిన్న మోటారు ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకపోతే అది బిగుసుకుంటుంది, వైర్ల ప్లగ్గులోకి ఉప్పునీరు దిగుతుంది. వ్యాక్యూమ్‌తో, అంటే ఇంజను గాలి పీల్చే బలంతో పడేవి అన్నిటికంటే సతాయిస్తాయి. రబ్బరు గొట్టం ఒక్కచోట పగిలినా డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, ముందు చక్రాలు మాత్రం ఊరికే దొర్లుతాయి. దీపాన్ని నమ్మవద్దని చెప్పేది ఇందుకే.

నాలుగు చక్రాలు అన్నామే గాని, రెండు ఇరుసుల్లోనూ మామూలు డిఫరెన్షియలే ఉంటే నిజానికి లాగేవి ముందొకటి, వెనకొకటి. ఆ రెండూ ఐసు మీద ఉంటే బండి నిలబడిపోతుంది. ఒక చక్రం జారితే రెండోదానికీ శక్తి పంపే లిమిటెడ్ స్లిప్ గాని, రెండిటినీ ఒకటిగా బిగించే లాకర్ గాని వెనక ఉన్న బండి దొరికితే కాస్త ఎక్కువైనా ఇవ్వవచ్చు. ఫోర్డ్‌లో డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కరు మీద ఇరుసు కోడ్ ఉంటుంది. అందులో అక్షరం ఉంటే లిమిటెడ్ స్లిప్, అంకెలే ఉంటే మామూలుది. షెవ్రొలె, జీఎంసీ బండ్లలో గ్లవ్ బాక్సులోని స్టిక్కరు మీద జి80 అన్న కోడ్ వెతకండి, ఉంటే వెనక లాకర్ ఉన్నట్టే. ఈ చిన్న కోడ్ గురించి అమ్మేవాళ్లలో చాలామందికి తెలియదు, తెలిసిన కొనుగోలుదారుకు అది లాభం.

టకోమా, రేంజర్, ఎస్-10, ఫ్రాంటియర్

ఉత్తర అమెరికాలో తక్కువ ధరకు దొరికే చిన్న పికప్‌లు ప్రధానంగా ఈ నాలుగు. వెడల్పు సుమారు 1.7 నుంచి 1.9 మీటర్లు. రెండు పక్కలా మంచు గుట్టలు పోగుపడి ఇరుకైన కొండ దారిలో ఎదురుగా బండి వస్తే ఈ తక్కువ వెడల్పు ఎంత మేలో తెలుస్తుంది.

టయోటా టకోమా 1995–2004 గురించి అందరూ చెప్పే మంచి మాట నిజమే. 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకు టైమింగ్ చెయిన్. 3.4 లీటర్ల వి6కు బెల్టు, దాన్ని సుమారు 1,45,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. రెండూ ఓర్పున్న ఇంజన్లు. కానీ ఈ బండిని మంచు ప్రాంతంలో కొనేటప్పుడు రెండు చోట్ల చూడకుండా సంతకం పెట్టకండి. మొదటిది ఫ్రేము. ఈ తరం టకోమా ఫ్రేములు ఎంతగా పుచ్చాయంటే 2008లో టయోటా 1995–2000 బండ్లకు 15 ఏళ్ల తుప్పు వారంటీ ప్రకటించి, మరీ పాడైనవాటిని తానే తిరిగి కొన్నది. తర్వాత 2001–2004 బండ్లనూ అందులో చేర్చింది. ఆ గడువులన్నీ దాటిపోయాయి. ఫ్రేము మార్పించినట్టు కాగితం ఉన్న బండి దొరికితే అది వరం. రెండోది కింది బాల్ జాయింట్. ఈ అమరికలో బండి బరువు ఆ జాయింటును ఊడదీసే వైపు లాగుతుంది. అరిగిందంటే ముందస్తుగా పెద్ద శబ్దమేమీ చేయదు, ఒకరోజు మలుపులో ఊడి చక్రం లోపలికి వాలిపోతుంది. చరిత్ర తెలియని బండైతే రెండు పక్కలా కంపెనీ విడిభాగాలు కొత్తవి వేయించి, బోల్టులు కూడా కొత్తవే బిగించండి.

టకోమాతో అసలు చిక్కు ధర. ఆ పేరుకే జనం డబ్బు పోస్తారు. తుప్పు లేని టకోమా చవకగా దొరకదు. చవకగా దొరికినదానికి తుప్పు ఉంటుంది. 2005–2015 తరంలో 4.0 లీటర్ల వి6కు చెయిన్, ఇంజను చాలా మంచిది, కానీ అది చవక బండ్ల లెక్కలోకి ఇంకా పూర్తిగా రాలేదు. కొంటే 2005–2011 బండ్ల వెనక కమాన్ కట్టల రీకాల్ పని జరిగిందో లేదో బండి నంబరుతో సరిచూసుకోండి.

పెట్టిన డబ్బుకు తగిన బండి ఏదంటే మా ఓటు ఫోర్డ్ రేంజర్ 2001–2011కి. ఇది ఉత్తర అమెరికా రేంజర్, ఇదే పేరుతో ఇతర దేశాల్లో అమ్మినది వేరే బండి. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా తెలిసిన బండి. ఇదే బండి మాజ్డా బి3000, బి4000 పేర్లతో అమెరికాలో 2009 దాకా వచ్చింది. ఆ పేరు చాలామందికి తెలియక అడిగేవాళ్లు తక్కువ, అందుకే అవి ఇంకాస్త చవక. 1998 నుంచి 2000 మధ్య బండ్లలో చక్రాలను ఇరుసుకు కలిపే ముందు హబ్బులు వ్యాక్యూమ్‌తో పడేవి. అవి మొరాయించడం మామూలే. అలాంటిది కొంటే చేత్తో తిప్పే హబ్బులకు మార్పించుకునే ఖర్చు లెక్కలో వేసుకోండి. ఆ తర్వాతి బండ్లలో హబ్బుల గొడవే లేదు, ఇరుసు ఎప్పుడూ కలిసే ఉంటుంది.

రేంజర్ ఇంజన్లలో 3.0 లీటర్ల వి6 నెమ్మదస్తురాలు. కొండ ఎక్కేటప్పుడు గేర్లు దించుకుంటూ ఆయాసపడుతుంది, కానీ గట్టి ఇంజను. దీని ప్రాణం ఒక చిన్న భాగంలో ఉంది. ఇంజను వెనక భాగంలో, కామ్‌షాఫ్ట్ సెన్సరు కింద నిలబడి ఉండే సింక్రొనైజర్ అది. ఆయిల్ పంపును తిప్పేది కూడా అదే. దాని బుష్ అరిగితే పిచ్చుక కిచకిచలాడినట్టు సన్నని శబ్దం వస్తుంది. ఏదో బెల్టు అరుపులే అని వదిలేస్తే అది బిగుసుకుపోయి ఆయిలు ఆగి ఇంజను పోతుంది. బెల్టు కాసేపు తీసి ఇంజను తిప్పినా కిచకిచ అలాగే ఉంటే అది సింక్రొనైజరే. భాగం చవకే, పని ఒక పూట. 4.0 లీటర్ల ఇంజనుకు బలం ఉంది, కొండకు ఇదే తగినది. కానీ 2001 నుంచి వచ్చిన దాని కొత్త రూపంలో టైమింగ్ చెయిన్ గైడ్లు అరుగుతాయి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసిన మొదటి పది సెకన్లు, తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వినిపిస్తే వదిలేయండి. చెయిన్లలో ఒకటి ఇంజను వెనక వైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో దించాల్సిందే. థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ గూడు కారడం కూడా ఈ ఇంజనుకు అలవాటు, అది మాత్రం చిన్న పని. వెనక కమాన్ కట్టలను ఫ్రేముకు కలిపే షాకిళ్లు తుప్పుకు తెగడం రేంజర్లలో ఎంత మామూలంటే, తెగినవి చూసి భయపడనక్కర్లేదు. వాటిని పట్టుకున్న ఫ్రేము గట్టిగా ఉంటే చాలు, ధర తగ్గించమనడానికి అది మంచి సాకు.

షెవ్రొలె ఎస్-10, దాని కవల జీఎంసీ సొనోమా 1994–2004 మధ్య 4.3 లీటర్ల వి6తో వచ్చాయి. ఇంజను మొరటుది, అయినా లాగుడుకు లోటుండదు. ఫ్యూయెల్ ప్రెషర్ 60 పిఎస్‌ఐ దరిదాపుల్లో లేకపోతే చలిలో స్టార్టు కావడానికి మొండికేస్తుంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర కూలెంట్ కారుతుంది. అసలు బలహీనత ముందు ఇరుసును కలిపే వ్యాక్యూమ్ అమరిక. బ్యాటరీ ట్రే కింద ఉన్న చిన్న డబ్బా కేబుల్‌ను లాగితే ముందు ఇరుసు కలుస్తుంది. బ్యాటరీ ఆమ్లం కారి ఆ డబ్బా చెడుతుంది, కేబుల్ బిగుసుకుంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ మీది స్విచ్ లోపల కారి గొట్టాల్లోకి ఆయిలు పాకుతుంది. ఇవన్నీ చిన్న చిన్న ఖర్చులే, కానీ మంచు తుపానులో అడ్డం తిరిగితే చిన్నవి కావు. సొంతంగా రెంచీ పట్టేవారికి ఎస్-10 మంచి బేరం. మెకానిక్ మీద ఆధారపడేవారికి రేంజర్ మేలు.

నిస్సాన్ ఫ్రాంటియర్ 1998–2004లో 2.4 లీటర్ల ఇంజనుకు చెయిన్, 3.3 లీటర్ల వి6కు బెల్టు. బెల్టు మార్చిన రుజువు లేకపోతే మార్చలేదనే అనుకోండి, ఎందుకంటే తెగితే వాల్వులు వంగుతాయి. 2005–2010 ఫ్రాంటియర్ 4.0 లీటర్ల ఇంజను బలమైనది, బండి కూడా గట్టిది. కాని ఆటోమేటిక్ గేరు ఉన్నవాటిలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. గేరు ఆయిలును చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిల్లు పడితే కూలెంటు, గేరు ఆయిలు కలిసిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. గులాబీ రంగు మీగడలాంటిది కనిపిస్తే గేర్‌బాక్సు పోయినట్టే లెక్క. శుభ్రంగా ఉంటే, కొన్నవారంలోనే రేడియేటర్ మార్చండి, లేదా గేరు ఆయిలుకు బయట విడిగా కూలర్ పెట్టించండి. ఈ జాగ్రత్త తీసుకున్న ఫ్రాంటియర్, చవక టకోమా కోసం వెతికి విసిగినవారికి సరైన బదులు.

పెద్ద పికప్‌లు, బయటి దేశాల బండ్లు

పెద్దవాటిలో విలువైనవి సిల్వరాడో 1999–2006, ఫోర్డ్ ఎఫ్-150 1997–2003. బరువు వల్ల నిలకడ ఉంటుంది, లోడు మోస్తాయి, విడిభాగాలు చవక. కానీ రెండు మీటర్ల వెడల్పు, రెండు టన్నులు దాటే బరువు. దిగుడులో ఆ బరువంతా మిమ్మల్ని తోస్తుంది. కట్టెలు, ట్రెయిలర్ లాంటి అసలైన పని ఉంటేనే వీటి వైపు వెళ్లండి.

సిల్వరాడో 5.3 లీటర్ల ఇంజను గురించి దిగులక్కర్లేదు. కింద బ్రేకు గొట్టాలను మాత్రం చివరిదాకా వేలితో తడిమి చూడండి, ఈ బండ్లలో అవి తుప్పుకు పగలడం బాగా తెలిసిన సంగతి. ఆటోట్రాక్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పంపు లోపలి గోడకు రాసుకుని సూది మొన అంత చిల్లు చేస్తుంది. ఆయిలు కొద్దికొద్దిగా పోయి ఒకరోజు మొత్తం మాడిపోతుంది. కేస్ వెనక సగం ఆయిలుతో తడిసి ఉంటే అనుమానించండి. ఎఫ్-150లో 4.6, 5.4 ఇంజన్లకు స్పార్క్ ప్లగ్ మరలు తక్కువ కాబట్టి ప్లగ్గు ఊడి ఎగిరిపడే చరిత్ర ఉంది. దాన్ని మంచి మర ఇన్‌సర్ట్‌తో బాగుచేస్తే మళ్లీ రాదు. 2004–2008 ఎఫ్-150లోని సిలిండరుకు మూడు వాల్వులున్న 5.4ను చవక బడ్జెట్‌తో ముట్టుకోకండి. ప్లగ్గులు తీసేటప్పుడు విరుగుతాయి, వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే కామ్ ఫేజర్లు వేడెక్కాక డీజిల్ ఇంజనులా కొట్టుకుంటాయి. డాడ్జ్ డకోటా బాల్ జాయింట్లు త్వరగా అరుగుతాయి, 4.7 ఇంజను ఒక్కసారి బాగా వేడెక్కినా నమ్మలేం. మిగతావి దొరకనప్పుడే చూడండి.

ఉత్తర అమెరికా బయట హైలక్స్, ఎల్200, ఇసుజు డి-మాక్స్, నవారా ఎక్కువ. దాదాపు అన్నీ డీజిలే. డీజిల్ చలికి మైనంలా గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది కాబట్టి చలికాలపు డీజిలే పోయాలి, స్టార్టుకు ముందు సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు నాలుగూ పనిచేయాలి. ఒకటి పోయినా పొద్దున్నే ఇంజను తెల్లటి పొగతో దగ్గుతుంది. డి40 తరం నవారా ఫ్రేము క్యాబిన్ వెనక పుచ్చి రెండుగా విరిగిన సందర్భాలున్నాయి, అక్కడ సుత్తితో తట్టి తప్పక చూడాలి. 660 సీసీ జపాన్ మినీ ట్రక్కులు, అంటే సుజుకి క్యారీ, సుబారు సాంబార్ లాంటివి, సుమారు 700 కిలోల బరువుతో ఇరుకు దారిలో ఆశ్చర్యపోయేలా ఎక్కుతాయి. ఇంటి చుట్టుపక్కల పనికి బాగుంటాయి. హైవే ఎక్కాల్సినవారికి వద్దు.

చూడటానికి వెళ్లినప్పుడు

ఇంజను వేడి చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లగా స్టార్టు చేసినప్పుడు వచ్చే శబ్దాన్ని దాస్తున్నారేమో అనుకోవాలి. వెంట అరకిలో సుత్తి, లావు స్క్రూ డ్రైవరు, టార్చి, పరుచుకోవడానికి అట్ట తీసుకెళ్లండి.

నేల మీద పడుకుని ఫ్రేము మొత్తం సుత్తితో మెల్లగా తడుతూ పోండి. గట్టి ఇనుము గంటలా ఖంగుమంటుంది. పుచ్చినది తడి చెక్కను కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా ఒక్కసారి వింటే చెవి మరచిపోదు. మొద్దుగా పలికిన చోట స్క్రూ డ్రైవరుతో గట్టిగా పొడవండి. దిగబడితే లేచి, దుమ్ము దులుపుకుని వచ్చేయండి. ఎక్కువగా చూడాల్సింది వెనక ఇరుసు పైన వంగిన భాగం, కమాన్ కట్టల ముందు వెనక కొక్కేలు, స్పేర్ టైరు పైన, పెట్రోలు ట్యాంకు పక్కన, క్యాబిన్‌ను ఫ్రేముకు కట్టే బోల్టుల దగ్గర. పెట్టెలా మూసి ఉన్న ఫ్రేము లోపలి నుంచి పుచ్చుతుంది, బయట రంగు బాగానే ఉంటుంది. అడుగున కొత్తగా నల్లటి పూత మెరుస్తుంటే సంతోషపడకండి. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఇలాంటి బండ్లకే సరిగ్గా సరిపోతుంది. పూత మీదా సుత్తి వేయండి. ఫ్రేము బాగుండి తలుపుల కింది అంచులు, తొట్టి అంచులు తుప్పు పట్టాయా? అది అందానికి లోటే గాని బండికి కాదు. అలాంటివే చవకగా దొరికే మంచి బండ్లు.

మంచు తోసే బ్లేడు కట్టిన పికప్‌కు దూరంగా ఉండండి. బంపరు వెనక ఫ్రేముకు అదనపు రంధ్రాలు, వెల్డింగు మచ్చలు, ఎక్కడికీ వెళ్లకుండా చుట్టిపెట్టిన లావు వైర్లు దాని గుర్తులు. ముందుకీ వెనక్కీ లక్షసార్లు గేరు మార్చిన గేర్‌బాక్సు అది.

ఫోర్ వీల్ డ్రైవ్ పరీక్షకు కంకర దారి గాని తడి గడ్డి గాని కావాలి. పార్ట్ టైమ్ బండిని నాలుగు చక్రాల హైలో పెట్టి, స్టీరింగు పూర్తిగా తిప్పి, నడక వేగంతో తిప్పండి. ఎవరో బంపరు పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టు, ముందు భాగం చిన్నగా గెంతుతున్నట్టు అనిపించాలి. ఏమీ తేడా లేకుండా హాయిగా తిరిగిందంటే ముందు ఇరుసు కలవలేదు, దీపం ఏం చెప్పినా సరే. తర్వాత పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, లో రేంజికి మార్చండి. ఇందులో వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, బలం అంత పెరుగుతుంది. కొండ దిగేటప్పుడు మిమ్మల్ని కాపాడేది ఇదే. యాక్సిలరేటర్ వదిలితే బండి ఇంజను మీదే మెల్లగా దిగాలి. గేరు ఎగిరి న్యూట్రల్‌లోకి వస్తుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల అరిగింది.

కొన్న వెంటనే

ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిళ్లు మార్చండి. ముందుదానికి సుమారు లీటరున్నర, వెనకదానికి రెండున్నర, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఒకటి నుంచి రెండు లీటర్లు పడతాయి. కచ్చితమైన కొలత, గ్రేడ్ బండి పుస్తకంలో ఉంటాయి. ఒక క్రమం మరవవద్దు: ఆయిలు పోసే బిరడా ముందు విప్పండి, ఆ తర్వాతే కిందిది. కిందిది విప్పి ఆయిలు కార్చేశాక పైది తుప్పుకు కదలకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. బిరడా అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుంటే మామూలే. గోరు గుచ్చితే తగిలే ముక్కలుంటే గేర్లు విరుగుతున్నాయి. ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి మంచు బురదలో మునగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. పైనున్న సన్నని గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. ఆ గొట్టం ఊది చూడండి.

టైర్లు నాలుగూ ఒకే కొలత, ఒకే అరుగుదల ఉండాలి. చుట్టుకొలత తేడా ఉన్న టైర్లు పార్ట్ టైమ్ బండిలో నేరుగా వెళ్తున్నా షాఫ్టులను మెలిపెడతాయి. మూడు శిఖరాల కొండ మధ్య మంచు రేకు ఉన్న గుర్తు చూడండి. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే మంచు పరీక్ష పాసైనట్టు కాదు. కంపెనీ అనుమతించిన కొలతల్లో సన్ననిదే తీసుకోండి, అది మంచును కోసుకుంటూ కింది గట్టి నేలను అందుకుంటుంది. లావు టైరు పైనే తేలుతుంది. అచ్చు లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మంచుకు పనికిరాదు. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. ఉదాహరణకు 3519 అంటే 2019లో 35వ వారం. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పడిపోయినప్పుడు టైర్లలో గాలి దాదాపు రెండు పిఎస్‌ఐ దాకా తగ్గుతుంది, గ్యారేజిలో కాదు బయట చల్లగా ఉన్నప్పుడే సరిచూడండి.

ఖాళీ పికప్‌కు బరువంతా ముందే. తొట్టిలో 100 నుంచి 150 కిలోల ఇసుక బస్తాలు వెనక ఇరుసు మీదుగా, లేదా కొంచెం ముందుకు పెట్టి కట్టేయండి. తొట్టి వెనక తలుపు దగ్గర పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పనిచేయదు. కట్టకుండా వదిలితే గట్టి బ్రేకు వేసినప్పుడు అవే క్యాబిన్ వైపు దూసుకొస్తాయి. ఇరుక్కున్నప్పుడు అదే ఇసుక చక్రాల కింద చల్లుకోవచ్చు.

కూలెంటు సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ కలిస్తే సున్నాకు 37 డిగ్రీల కింద దాకా గడ్డకట్టదు. బ్యాటరీ సున్నాకు 18 డిగ్రీల కింద సగం శక్తికి పడిపోతుంది. ఖాళీ అయిన బ్యాటరీ సున్నాకు కొద్ది డిగ్రీల కిందే గడ్డకట్టి పగులుతుంది. రాత్రి నిలిపిన బండిలో 12.6 వోల్టులు చూపాలి, స్టార్టరు తిరిగేటప్పుడు 9.6 కిందికి పడకూడదు. ఇంజనులో పుస్తకం అనుమతించిన వాటిలో చలిలో చిక్కబడని 5డబ్ల్యూ లేదా 0డబ్ల్యూ రకం ఆయిలు పోయండి. కరెంటు దగ్గర ఉంటే ఇంజనును వెచ్చబరిచే బ్లాక్ హీటరు పెట్టించండి, బయల్దేరే ముందు మూడు గంటలు వేస్తే చాలు.

టైర్లకు చుట్టే మంచు చెయిన్లు ఒకే జత ఉంటే ఏ చక్రాలకు వేయాలో బండి పుస్తకం చూసి వేయండి. ముందుకు మాత్రమే వేస్తే దిగుడులో వెనక భాగం జారి బండి అడ్డం తిరుగుతుంది. కొత్త చెయిన్లు ఎండ ఉన్న రోజు ఒకసారి వేసి, వంద మీటర్లు నడిపి, బ్రేకు గొట్టాలకూ ఫెండరుకూ తగలడం లేదని చూసి, మళ్లీ బిగించి తీసేయండి. ఎండాకాలంలో కూడా నెలకోసారి కంకర దారిలో పదిహేను, ఇరవై కిలోమీటర్లు నాలుగు చక్రాల మీద నడపండి. ముందు ఇరుసులో ఆయిలు తిరుగుతుంది, మోటారూ కేబులూ బిగుసుకోకుండా ఉంటాయి.